అఆలు పలికించే పనేనా? స్పీచ్ థెరపీ చదువుపై ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. పాప ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. ఎంబీబీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాదని తనే అంటోంది. మా ఆడపడుచు టీచరు. నిరుడు జలుబు చేసి తగ్గాక నెల్లాళ్లు గుసగుసలు తప్ప మాట రాలేదు. గొంతులో లోపమేమీ లేదన్నారు ఈఎన్‌టీ డాక్టరు. చివరికి విశాఖలో స్పీచ్ థెరపిస్టు దగ్గర మాట వచ్చింది. అప్పటి నుంచి పాప అదే చదువుతానంటోంది. పిల్లలకు అఆలు పలికించడానికి నాలుగేళ్ల చదువా అని మావారు. ఏం చేయమంటారు?

జవాబు: మీవారి ప్రశ్నకు జవాబు మీ ఆడపడుచే కదమ్మా! ఆవిడకు వచ్చినదాన్ని ఫంక్షనల్ వాయిస్ డిజార్డర్ అంటారు. స్వరతంతువులు బాగానే ఉంటాయి, వాటిని వాడే తీరు దారి తప్పుతుంది. జలుబు తర్వాత రావచ్చు, మనసుకు దెబ్బ తగిలాక రావచ్చు, ఏ కారణమూ కనపడకపోనూ వచ్చు. అంతేగాని నటన కాదు. డాక్టరు ‘గొంతులో ఏమీ లేదు’ అంటే ఇంట్లోవాళ్లు ‘నీకేమీ లేదు’ అని వింటారు. పాపం, వాళ్లకు సగం బాధ అదే.

ఈ పని ఎలా ఉంటుందో చూపిద్దామని ఓసారి ఒక విద్యార్థినిని థెరపీ గదికి తీసుకెళ్లాను. పాలకొండ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ సరేనని తల ఊపితే ఓ మూల కూర్చున్నాం. ‘గొంతెల్లిపోనాది బాబూ’ అంటోంది, పెదాలు కదులుతున్నాయి, గాలి తప్ప చప్పుడు లేదు. థెరపిస్టు ఆవిణ్ణి మాట్లాడమనలేదు, దగ్గమంది. ఖంగుమని దగ్గింది. ‘విన్నావా అమ్మా, ఇది నీ గొంతే. తంతువులు రెండూ కలవకపోతే ఈ చప్పుడు రాదు.’ మళ్లీ దగ్గు, దాని చివర్నే ‘మ్’ అని సాగదీయడం. మెడ ముందు బిగుసుకున్న కండరాలను వేళ్లతో మెల్లగా కిందికి రాస్తూ, మ్... మా... మామిడి. ముప్పావుగంటకు మనవణ్ణి పేరు పెట్టి పిలిచింది. అందరికీ ఇంత తొందరగా రాదు. కొందరికి వారాలు పడుతుంది, సైకాలజిస్టు సాయమూ కావాలి, వచ్చిన గొంతు మళ్లీ పోవడమూ ఉంది. వయసొచ్చినా సన్నగొంతు మారక పెళ్లిచూపులంటే భయపడే కుర్రాళ్లు, పెద్దయ్యాక హఠాత్తుగా నత్తి మొదలైనవాళ్లు కూడా ఈ గదికే వస్తారు.

ఇక చదువు సంగతి. బీఏఎస్‌ఎల్‌పీ అంటారు, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. సగం చెవి గురించే, అది ముందే చెప్పండి పాపకు. మైసూరులో 1965లో మొదలైన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్‌కు పెద్ద పేరు. దగ్గర్లో కావాలంటే మాట, వినికిడి లోపాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ శాఖ సికింద్రాబాద్‌లో ఉంది. అర్హత, ప్రవేశ పరీక్ష ఏ ఏటికాఏడు నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కన్నా ముందు, ఈ చదువులకు గుర్తింపునిచ్చే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో అడగండి. 1992 నాటి చట్టం ప్రకారం ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు కాకపోతే ప్రాక్టీసు చేయడానికి లేదు.

ఒక్క విషయంలో మాత్రం మీవారి మాట కొట్టిపారేయను. మొదటి ఉద్యోగాలు చాలావరకు మాట ఆలస్యమైన పిల్లలతోనో, వినికిడి మిషన్లతోనో ఉంటాయి. అత్తకు చేసినట్టు పెద్దల గొంతు బాగుచేసే పని చేతికి రావాలంటే రెండేళ్ల పీజీ, ఆ పైన అనుభవం కావాలి. మొదట్లో జీతమూ ఆయన ఊహించేంత ఉండదు.

పాప ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అనమని దిద్దకండి. ఆ పాలకొండ పెద్దావిడలాంటివాళ్లు తమ యాసలో పలకరించినవాళ్ల ముందే ధైర్యంగా దగ్గుతారు.

ఆడపడుచు ఈసారి విశాఖ వెళ్లేటప్పుడు, ఆవిడకూ థెరపిస్టుకూ ఇష్టమైతే పాపను వెంట పంపండి. ఒకే ‘మ్’ను నలభైసార్లు విని విసుగొచ్చిందో లేదో ఇంటికి రాగానే అడగండి. ఏమందో నాకు రాయండి, అప్లికేషన్ల గురించి అప్పుడు మాట్లాడదాం.