ఓలెడ్ కొనాలా, ఎల్‌సీడీ చాలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, మాది రణస్థలం దగ్గర. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఆడుకోవడం, లేపోతే కంపెనీ బస్సులో ఆడుకోవడం, నాకున్న టైము అంతే. చాన్నాళ్లు డబ్బులు కూడబెట్టి హ్యాండ్‌హెల్డ్, అదే చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్, నింటెండో స్విచ్ ఓలెడ్ తీసుకుందాం అనుకుంటే, స్విచ్ 2 వచ్చేసింది కదరా దాని స్క్రీన్ ఇంకా బాగుంటాది అంటన్నాడు ఒక ఫ్రెండు. ఇంకొకడు వాల్వ్ కంపెనీది స్టీమ్ డెక్ ఓలెడ్ అంటన్నాడు. ఏటి తీసుకోవాలో తెలీట్లేదు. స్క్రీన్ సంగతి ఒక్కటి తేల్చి చెప్పండి, మిగతావి నేను చూసుకుంటాను. (ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: తమ్ముడూ, ముందు మీ ఫ్రెండు మాట సంగతి చూద్దాం. కొత్తది కాబట్టి ఓలెడే అయ్యుంటుందని చాలామంది అనుకుంటున్నారు, కాదు. 2017లో వచ్చిన మొదటి స్విచ్ 6.2 అంగుళాల ఎల్‌సీడీ, 2021 అక్టోబర్‌లో వచ్చింది 7 అంగుళాల ఓలెడ్, 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 మళ్లీ ఎల్‌సీడీయే. కాకపోతే 7.9 అంగుళాలు, 1080పీ (బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందో చెప్పే నంబర్), 120 హెర్ట్జ్ (సెకనుకి 120 సార్లు బొమ్మ మారగలదు). సోనీ కూడా ఇలాగే చేసింది, 2011 చివర్లో వచ్చిన తన హ్యాండ్‌హెల్డ్ పీఎస్ వీటాకి ఓలెడ్ పెట్టి 2013లో సన్న మోడల్ తెచ్చినప్పుడు ఎల్‌సీడీకి మారిపోయింది. కాబట్టి సంవత్సరం చూసి స్క్రీన్ ఏదో ఊహించుకోకండి, పెట్టె మీద ఏం రాసుందో చదవండి.

ఇక తేడా ఎక్కడొస్తుందంటే, ఎల్‌సీడీలో వెనకాల ఒక బ్యాక్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న పిక్సెళ్లు ఆ వెలుగుని కావాల్సిన చోట వదిలి అక్కర్లేని చోట ఆపుతాయి, గదిలో లైటు వేసుంచి కిటికీకి కర్టెన్ లాగినట్టన్నమాట, ఎంత లాగినా సందుల్లోంచి కాస్త వెలుగు వస్తూనే ఉంటుంది. ఓలెడ్‌లో అసలు బ్యాక్‌లైటే లేదు, ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెల్ తనే వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. పట్టపగలు షాపులో చూస్తే ఈ తేడా పెద్దగా తెలీదు. రాత్రి లైట్లన్నీ ఆపేసి గేమ్‌లో గుహలోకో, రాత్రి సీన్‌లోకో వెళ్లి చూడండి, ఎల్‌సీడీలో నలుపంతా బూడిద రంగులో కనిపిస్తుంది, మూలల్లో తెల్లగా ఒక కాంతి పాకి ఉంటుంది, ఓలెడ్‌లో స్క్రీన్ ఎక్కడ అయిపోయి బెజెల్ (చుట్టూ ఉండే నల్ల అంచు) ఎక్కడ మొదలైందో కూడా తెలీదు. మీరు ఆడేదే రాత్రిపూట, లైట్లు ఆపేసిన ఇంట్లో. అందుకని నా మాట ఓలెడ్ వైపే.

రెండోది, కదలిక. ఓలెడ్ పిక్సెల్ రంగు మార్చడానికి పట్టే టైము మిల్లీసెకనులో పదో వంతు కంటే తక్కువ. ఎల్‌సీడీకి చాలా మిల్లీసెకన్లు పడుతుంది, అందుకే కెమెరా వేగంగా తిప్పినప్పుడు బొమ్మ అలికినట్టు అవుతుంది. స్విచ్ 2 మీద ఎక్కువగా వచ్చిన విమర్శ కూడా ఇదే. 120 హెర్ట్జ్ అని రాసున్నా పిక్సెల్ అంత వేగంగా మారకపోతే ఆ నంబర్ వల్ల మనకి రావాల్సినంత లాభం రాదు. అలాగని స్విచ్ 2 చెడ్డదని కాదు, స్క్రీన్ పెద్దది, అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, దాని గేములు దానికే ఉన్నాయి. మీరడిగింది స్క్రీన్ గురించి కాబట్టి చెప్తున్నాను.

బస్సులో ఎండ పడుతుంటే ఓలెడ్ కనిపించదనే భయం పాతది. వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు, ఎల్‌సీడీ స్టీమ్ డెక్ 400 నిట్స్, ఓలెడ్ స్టీమ్ డెక్ మామూలు గేముల్లో 600 నిట్స్, హెచ్‌డీఆర్‌లో (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి) 1000 దాకా పోతుంది. ఎండ నేరుగా పడితే గ్లాసు మీద మీ మొహమే కనిపిస్తుంది, దానికి ఏ ప్యానెలూ ఏం చెయ్యలేదు, ఎండ రాని వైపు సీటు చూసుకోవాల్సిందే.

బ్యాటరీ గురించి మీరు అడగలేదు గానీ చెప్పి తీరాలి, ఎందుకంటే ఓలెడ్ అంటే చార్జింగ్ ఎక్కువ వస్తుందని అమ్మేవాళ్లు గట్టిగా చెప్తున్నారు. స్టీమ్ డెక్ ఎల్‌సీడీకి వాల్వ్ చెప్పింది 2 నుంచి 8 గంటలు, ఓలెడ్‌కి 3 నుంచి 12. నిజమే, కానీ అదే మోడల్లో బ్యాటరీని 40 వాట్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) నుంచి 50కి పెంచారు, చిప్ కూడా 7 నానోమీటర్ నుంచి తక్కువ కరెంటు తాగే 6 నానోమీటర్‌కి మార్చారు. స్విచ్ విషయంలో చూడండి, 2019లో మార్చిన ఎల్‌సీడీ స్విచ్‌కీ ఓలెడ్ స్విచ్‌కీ నింటెండో చెప్పే టైము ఒకటే, 4.5 నుంచి 9 గంటలు. ఓలెడ్ ఎంత కరెంటు తాగుతుందనేది స్క్రీన్ మీద ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది, చీకటి సీన్లకి తక్కువ, తెల్లటి మంచు సీన్లకి ఎక్కువ. ఎల్‌సీడీకి ఏ సీన్ అయినా బ్యాక్‌లైట్ వెలగాల్సిందే. తిత్లీ తుఫాను అప్పుడు ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేకపోవడం చూసిన జిల్లా మనది, కాబట్టి చార్జింగ్ ముఖ్యమనుకుంటే ప్యానెల్ పేరు చూసి మోసపోకుండా బ్యాటరీ వాట్ అవర్ ఎంతో చూడండి.

ఇంకొక్క విషయం, ఇది కొనకముందే చూసుకోవాలి. చాలా ఓలెడ్‌లలో బ్రైట్‌నెస్ తగ్గించడానికి పిక్సెళ్లని చాలా వేగంగా వెలిగించి ఆర్పుతుంటారు, కంటికి నేరుగా తెలీదు గానీ కొంతమందికి రాత్రిపూట తక్కువ బ్రైట్‌నెస్‌లో ఆడితే తలనొప్పి వస్తుంది, కళ్లు లాగుతాయి. మీరు సరిగ్గా అలాంటి టైములోనే ఆడతారు. మీ ఫోన్ స్క్రీన్ అమోలెడ్ (అదీ ఓలెడ్‌లో ఒక రకమే) అయితే రెండు మూడు రాత్రులు చీకట్లో బ్రైట్‌నెస్ బాగా తగ్గించి గంట సేపు వాడి చూడండి, ఇబ్బంది లేకపోతే చాలావరకు హ్యాండ్‌హెల్డ్‌తో కూడా ఉండదు. షాపులో చెక్ చెయ్యాలంటే ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షటర్ స్పీడ్ 1/4000 పెట్టి స్క్రీన్ వైపు తిప్పండి, నల్లటి పట్టీలు పాకుతూ కనిపిస్తే ఫ్లికర్ ఉన్నట్టు. కొన్ని ఎల్‌సీడీలకి కూడా ఉంటుంది, అది కూడా చూసుకోండి.

స్విచ్ ఓలెడ్, స్టీమ్ డెక్ ఓలెడ్ రెండిట్లో స్క్రీన్ వరకే అయితే స్టీమ్ డెక్‌ది పైచెయ్యి, 7.4 అంగుళాలు, 1280 బై 800, 90 హెర్ట్జ్, హెచ్‌డీఆర్. స్విచ్ ఓలెడ్ 720పీ, 60 హెర్ట్జ్. అయితే రెండూ మన దేశంలో కంపెనీ నేరుగా అమ్మేవి కాదు, ఇంపోర్ట్ సరుకే, కాబట్టి పగిలితే వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. పాత స్విచ్‌లో టచ్ గ్లాసు వేరు, ఎల్‌సీడీ వేరు, గ్లాసొక్కటీ మార్చుకోవచ్చు, ఓలెడ్ స్విచ్‌లో రెండూ అతికించి ఉంటాయి, మారిస్తే మొత్తం మార్చాలి. కొత్త స్విచ్ ఓలెడ్ మీద ఒక పల్చటి ఫిల్మ్ అంటించి వస్తుంది, ప్యాకింగ్ కవరనుకుని పీకెయ్యకండి, గ్లాసు పగిలితే ముక్కలు చెదరకుండా పెట్టింది అది. టెంపర్డ్ గ్లాస్ దాని పైనే వేయించుకోండి.

ప్రశ్న: ఓలెడ్ కొంటే బర్న్ ఇన్ (ఎప్పుడూ ఒకే చోట ఉండే బొమ్మ నీడలా ఉండిపోవడం) వచ్చి స్క్రీన్ పాడైపోద్దని మా హాస్టల్లో అందరూ భయపెడుతున్నారు. నేను ఒకటే ఫుట్‌బాల్ గేమ్ ఆడతాను, స్కోర్ బోర్డు ఎప్పుడూ ఆ మూలే ఉంటది. ఎన్నాళ్లు వస్తదండి? (డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

జవాబు: భయం ఉత్తినే పుట్టలేదు. మొబైల్ షాపుల్లో డిస్‌ప్లేకి పెట్టిన పాత అమోలెడ్ ఫోన్లు చూస్తే పైన టైము, సిగ్నల్ గుర్తులు నీడలా ఉండిపోయి కనిపిస్తాయి. ఓలెడ్‌లో వెలిగేది సేంద్రియ పదార్థం, వాడేకొద్దీ అరుగుతుంది, నీలం రంగుది తొందరగా అరుగుతుంది, ఎక్కువ బ్రైట్‌నెస్, ఎక్కువ వేడి ఆ అరుగుదలని ఇంకా పెంచుతాయి. కానీ ఎంత వాడితే అన్నది చూడాలి కదా. ఒక యూట్యూబర్ స్విచ్ ఓలెడ్ మీద ఒకే బొమ్మ పెట్టి ఆపకుండా వెలిగించి ఉంచితే 1,800 గంటలకి ఏమీ కనపడలేదు, 3,600 గంటలకి లేత నీడలాంటిది మొదలైంది. మీరు రోజుకి రెండు గంటలు ఆడినా అన్ని గంటలు అవ్వాలంటే దాదాపు అయిదేళ్లు, పైగా మీ స్కోర్ బోర్డు మెనూ తెరిస్తే మాయమవుతుంది, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య మారుతుంది. బ్రైట్‌నెస్ ఫుల్లు పెట్టకండి, ఆటో స్లీప్ తక్కువ టైముకి పెట్టుకోండి, పాజ్ చేసి మెస్‌కి వెళ్లిపోకండి.

నేను జాగ్రత్త చెప్పేది పాత 4:3 గేములు (పాత టీవీలా దాదాపు చదరంగా ఉండే బొమ్మవి) ఎప్పుడూ ఆడేవాళ్లకి. పాత గేముల కోసం చేసిన రెట్రో హ్యాండ్‌హెల్డ్స్‌లో ఓలెడ్ ఉంటే పక్కన నల్ల పట్టీలు అసలు లేనట్టే కలిసిపోతాయి, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ ఏళ్ల తరబడి మధ్య భాగమే వెలిగి పక్కలు ఆరిపోయి ఉంటే అరుగుదల సమానంగా ఉండదు. మధ్యమధ్యలో ఫుల్ స్క్రీన్ గేములు కూడా ఆడుతూ ఉండండి.

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు. గేమ్ బొమ్మ కొనమని ఒకటే గొడవ. కళ్లకి ఏ స్క్రీన్ మంచిదో అదే కొంటాను, చెప్పండి. (ఒక తల్లి, బొబ్బిలి)

జవాబు: అమ్మా, ఈ స్క్రీన్ అయితే కళ్లజోడు రాదు అని చెప్పే స్క్రీన్ ఏదీ లేదు. దగ్గరగా పెట్టుకుని రెప్ప వెయ్యకుండా గంటలు చూడ్డం వల్లే కళ్లు పొడిబారి మండుతాయి. ప్రతి ఇరవై నిమిషాలకి ఒకసారి దూరంగా ఉన్నదాన్ని చూడమనండి. రోజూ కాసేపు బయట వెలుతురులో ఆడే పిల్లలకి హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది, కాబట్టి సాయంత్రం గ్రౌండుకి పంపాకే గేము ఇవ్వండి. చిన్నవాడు కాబట్టి కింద పడేస్తాడు, గ్లాసు తక్కువలో మార్చుకోగలిగే ఎల్‌సీడీ చాలు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఓలెడ్ స్విచ్ ఒకటి దొరుకుతంది, వైజాగ్ వెళ్లి తెచ్చుకోవాలి. ఏటి చూసుకోవాల? (పలాస)

జవాబు: ట్యూబ్‌లైట్ కింద అన్ని స్క్రీన్లూ బాగానే కనిపిస్తాయి, షాపులో కాస్త చీకటి మూల అడగండి. స్క్రీన్ మొత్తం ఒకే రంగు నింపే బొమ్మలు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు, ముందే మెమరీ కార్డులో వేసుకెళ్లండి, స్విచ్ ఆల్బమ్‌లో తెరుచుకోకపోతే యూట్యూబ్‌లో అలాంటి వీడియోలున్నాయి. బూడిద మీద పాత గేముల గుర్తులు నీడలా ఉన్నాయేమో చూడండి, నీలం మీద ఎక్కడైనా వెలిసినట్టుందేమో చూడండి, నలుపు మీద వెలిగే చుక్క ఉంటే అది ఆరిపోని పిక్సెల్. అదే బేరంలో ఎల్‌సీడీ చూపిస్తే నలుపు మీద మూలల్లో వెలుగు కారడం, తెలుపు మీద పసుపు మచ్చలు, గట్టిగా నొక్కిన చోట తెల్లటి గుర్తులు చూడండి. స్క్రీన్ మార్చిన మెషీన్ అయితే గ్లాసు అంచు ఒక పక్క కాస్త లేచి ఉంటుంది, గోరు పెట్టి చుట్టూ ఒకసారి లాగి చూస్తే తగులుతుంది. తగిలితే ఎక్కడ మార్పించారో అడగండి, బిల్లు చూపించలేకపోతే ఆ బేరం వదిలేసి వచ్చెయ్యండి.