అప్ప దిగేటప్పుడు చూడు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు కార్ల ఫొటోలూ చూశాను. కార్లు బాగున్నాయి, రంగులు ఇంకా బాగున్నాయి. కానీ ఒక్క ఫొటోలోనూ మా అప్ప, అదే మీ అమ్మ, లేదు. వెన్నులో డిస్క్ జరిగి, నెలనెలా రాజాం నుంచి విశాఖ తిరుగుతున్న మనిషి కోసమే కదా ఈ కారు. ఆవిడ ఎక్కి చూడకుండా ఏది బాగుందో నీకెలా తెలిసిందిరా?

కోప్పడుతున్నానని అనుకోకు, ఇదే తప్పు నేనూ చేశాను. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, బండి గురించి నాకొకరు చెప్పాలా అనుకుని మీ అత్తని అడక్కుండానే పొడుగు డిక్కీ కారు కొనేశాను. నేలకి ఆనుకున్నట్టుండేది. మొదటిసారి అరసవల్లి వెళ్ళాం. నేను దిగి చెప్పులు విప్పేసి వచ్చేసరికి మీ అత్త ఇంకా లోపలే ఉంది. ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి సీటు అంచు మీద ఆనించి లేవబోతోంది, మళ్ళీ కూలబడుతోంది. నన్ను చూసి "ఈ గోతిలోంచి లాగండి" అంది. చుట్టూ జనం. రెండేళ్ళకే ఆ కారు అమ్మేశాను, వచ్చినకాడికి.

అందుకని ముందు సీటు ఎత్తు చూడు. తలుపు తీసి, సీటుకి వీపు పెట్టి నిలబడితే అది పిరుదులకి తగలాలి. ఇంకా కిందుంటే పడిపోయినట్టు కూర్చోవాలి, పైనుంటే ఒంటికాలి మీద నిలబడి నడుం తిప్పి ఎక్కాలి. నడుం నొప్పి మనిషికి రెండూ చేటే. అప్ప పొట్టి మనిషి. వేగనార్‌లాంటి కారు ఆవిడకి అమరొచ్చు, నీ మనసంతా ఉన్న ఆ పెద్ద బండి అమరకపోవచ్చు. ఎక్కేటప్పుడు ఎవరైనా ఎలాగోలా ఎక్కేస్తారు. దిగేటప్పుడు ఆవిడ మొహం చూడు. ముందు కాళ్ళు రెండూ కలిపి బయటికి తిప్పి, పాదాలు నేలకి ఆనించి, అప్పుడు లేవమను. పైన పట్టుకోడానికి హ్యాండిల్ ఉందా, తలుపు బాగా తెరుచుకుంటుందా అన్నది అప్పుడు తెలుస్తుంది.

షోరూం కుర్రాడు నిన్ను హైవే మీదకే తీసుకెళ్తాడు. అక్కడ ఏ కారైనా పల్లకీలాగే పోతుంది. మీ వీధి గతుకుల్లోకి తిప్పమను, స్పీడ్ బ్రేకర్లు దాటించు, అదీ నలుగురు కూర్చున్నాక. ఖాళీ బండి ఎగిరినట్టు నిండు బండి ఎగరదు. బస్సులో వెనక సీటు ఎవరికీ ఎందుకు అక్కర్లేదో తెలుసుగా? చక్రం గోతిలో పడ్డప్పుడల్లా ఆ ఎగుడు నేరుగా వెన్నుకే. ఎర్టిగాలో మూడో వరుసకీ అదే తంటా. అప్పని ముందు సీట్లోనే కూర్చోబెట్టు, బెల్టు పెట్టి.

టైర్ల సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఉదాహరణకి బలీనో కారు చూడు. కింది మోడళ్ళకి టైరు మీద 185/65 ఆర్15 అని ఉంటుంది, పై మోడళ్ళకి 195/55 ఆర్16. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, టైరు పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంతో. లెక్కేస్తే మొదటిదానికి 120 మిల్లీమీటర్ల రబ్బరు, రెండోదానికి 107. రోడ్డుకీ నడుముకీ మధ్య ఉన్న మెత్తదనంలో అదొక భాగం. ఎక్కువ డబ్బు పెట్టి, అల్లాయ్ వీల్స్ మెరుపు కోసం దాన్ని తగ్గించుకుంటామన్నమాట. గాలి కూడా అంతే. బంకులో అడక్కపోతే ఇష్టమొచ్చినంత కొట్టేస్తారు, బండి బండరాయైపోతుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంతుండాలో రాసుంటుంది, టైరు చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించు.

మందపాటి సీటు కవర్లు మాత్రం వేయించకు. కంపెనీవాడు నడుం దగ్గర ఇచ్చిన వంపు వాటి కింద పోతుంది. ఒక చిన్న తువ్వాలు చుట్టి నడుం వంపులో పెట్టు, చాలు. పెద్ద దిండు పెడితే మనిషి ముందుకు వస్తుంది, ఎయిర్‌బ్యాగ్‌కి దగ్గరైపోతుంది. సీటు వీపు నిటారుకి కొంచెం వెనక్కి వాల్చు, పడుకోబెట్టకు.

ఎంత మంచి కారైనా గంటకోసారి దింపి నాలుగడుగులు నడిపించాలి. చీపురుపల్లి మీదుగా వస్తే విజయనగరంలో మా ఇల్లు ఉండనే ఉంది, తర్వాత ఆనందపురం జంక్షన్‌లో టీ. ఇంకోటి, నీ కాలు. గోతి కనబడగానే ముందే ఆక్సిలరేటర్ వదిలెయ్. గోతిలో పడ్డాక బ్రేకు తొక్కితే లాభం లేదు. నువ్వు తొక్కేస్తావు, నాకు తెలుసు.

అడ్వాన్స్ కట్టలేదు కదా? ఆదివారం వరకు ఆగు. పొద్దున్న బస్సుకి నేనొస్తాను. అప్పని రోజూ కట్టుకునే చీరే కట్టుకోమను, పట్టుచీర వద్దు. రోజూ ఎలా ఎక్కి దిగుతుందో అలాగే చూడాలి.

ఇట్లు,
మీ మావయ్య