రేడియేషన్‌తో కమిలిన చర్మానికి కలబంద, పసుపు రాయొచ్చా?

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్‌కు కరెంట్ (రేడియేషన్) పెడుతూ మూడో వారం నడుస్తోంది, చంకలో చర్మం నల్లబడి మంట పుడుతోంది, ఇరుగుపొరుగు వాళ్లేమో కలబంద, పసుపు, వేపాకు పసరు అంటున్నారు, వీటిలో ఏది రాయాలి అని అడిగారు కదా. మా అమ్మకూ ఇదే జబ్బు. కర్నూలులో కరెంట్ పెట్టించాం, దగ్గరుండి చూసుకున్నది నేనే.

చర్మం చిట్లి నీరు కారుతుంటే పెరట్లోది ఏదీ రాయకండి. వేపాకు పసరు అసలే వద్దు, పుండు మీద పచ్చి ఆకు నూరి పెడితే ఇన్‌ఫెక్షన్‌ను మనమే పిలిచినట్టు.

పసుపు సంగతి. మాది మైదుకూరు వైపు, పసుపు పండించే ఇల్లే, దాని మీద నాకేం కోపం లేదు. కానీ ఒంటికి పసుపు రాస్తే ఎరుపు ఎంత పెరిగిందో డాక్టర్‌కు కనబడదు, నలుగు పెట్టి రుద్దితే మెషిన్ కోసం గీసిన గీతలు కూడా పోతాయి. లోపలికి తీసుకుంటే? అమెరికాలో 30 మంది ఆడవాళ్ల మీద చేసిన మొదటి పరీక్షలో కర్‌క్యుమిన్ (పసుపులోని సారం) మాత్రలు పనిచేసినట్టే అనిపించింది, తర్వాత దాదాపు 700 మందికి ఇచ్చి చూస్తే మందు లేని ఉత్త మాత్రలకూ వాటికీ తేడా రాలేదు.

కలబంద చల్లగా ఉంటుంది, అంతవరకే, పరీక్షల్లో గట్టి లాభం తేలలేదు. చిట్లని చర్మానికి రాయాలనుకున్నా ముందు డాక్టర్‌ను అడగండి, మట్ట కోస్తే కారే పసుపుపచ్చ జిగురు మాత్రం తగలనీయకండి, అది దురద పెడుతుంది.

మూలికల్లో కాస్త ఆధారం ఉన్నది క్యాలెండులా. ఫ్రాన్స్‌లో 254 మంది మీద చేసిన పరీక్ష 2004లో అచ్చయింది, ఆ ఆయింట్‌మెంట్ రాసిన వాళ్లలో 41 శాతం మందికి చర్మం బాగా దెబ్బతింటే, ట్రోలమైన్ అనే మామూలు క్రీము రాసిన వాళ్లలో 63 శాతం మందికి అలా అయింది. అయితే రెంటినీ ఇంగ్లీషులో మేరిగోల్డ్ అంటారు గానీ, మన దండల్లో కట్టే బంతిపువ్వు అది కాదు, వేరే మొక్క, దయచేసి బంతిపూలు నూరి పెట్టకండి. మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీములకు ఇంతకన్నా గట్టి ఆధారాలున్నాయి, డాక్టర్ రాసిస్తేనే సుమా.

మా అమ్మకు నిజంగా హాయినిచ్చింది బిగుతు రవికలు మానేసి పాత నూలు నైటీలు వేసుకోవడం. గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు, టవల్‌తో రుద్దకుండా అద్దడం, ఎండలో బయటికి పంపకపోవడం (మన కడప ఎండల సంగతి తెలిసిందే). కరెంట్ పెట్టే ప్రతి సిట్టింగ్‌కు ముందు ఏ క్రీమూ మందంగా పట్టించకండి.

ఆఖరి సిట్టింగ్ అయ్యాక వారం, రెండు వారాలు మంట ఇంకా పెరగొచ్చు, మాకూ అలాగే అయింది, తర్వాత తగ్గుముఖం పట్టింది. జ్వరం, చీము, వాసన, వీటిలో ఏది కనబడినా మర్నాటి దాకా ఆగకుండా హాస్పిటల్‌కు తీసుకెళ్లండి.