ఖాళీ ఆకాశాన్ని ఫొటో తీయబోతున్న హరిణికి

చిరంజీవి హరిణికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న నువ్వు చెప్పిన పని గురించే ఆలోచిస్తున్నాను. ఒకప్పుడు ఎవరో ఎగిరే పళ్లాలు చూశామని చెప్పిన చోట్లకు వెళ్లి, ఇప్పుడు అక్కడున్న ఆకాశాన్ని మాత్రమే ఫొటో తీస్తానన్నావు. అందులో ఏముందో మీ నాన్నకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, చాలా నచ్చింది కూడా. బెంగళూరులో మొదట పత్రికలకు, తర్వాత క్యాలెండర్లకు ఫొటోలు తీస్తూ బతికినవాణ్ని కాబట్టి ఆకాశంతో నాకు పరిచయం ఎక్కువే. ఫోన్లో చెబితే సగం జారిపోతాయని రాస్తున్నాను.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఖాళీ ఆకాశాన్ని ఎక్కడైనా ఫొటో తీయవచ్చు. మన జయనగర్ మేడ మీద తీసి, కింద అమెరికాలోని ఊరి పేరు రాసినా ఎవరూ పట్టుకోలేరు. అందుకే నీ పనికి ఉన్న బలమంతా నిజాయితీలోనే ఉంది. చూసిన మనిషి నిలబడిన చోటే నిలబడాలి. ఆ మనిషి చూసిన దిక్కుకే చూడాలి. అప్పుడు సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో, మళ్లీ అంతే ఎత్తుకు వచ్చినప్పుడే షట్టర్ నొక్కాలి. ఇవి లేకపోతే నీ చేతిలో మిగిలేది వట్టి నీలం రంగు కాగితం.

కాబట్టి కెమెరా సంచి సర్దే ముందు కాగితాలు చదువు. 1947 నుంచి 1969 దాకా అమెరికా వైమానిక దళానికి చేరిన ఇలాంటి నివేదికలు 12,618. వాటిలో 701 ఏమిటో తేలలేదు. ప్రాజెక్ట్ బ్లూ బుక్ పేరుతో ఉన్న ఆ ఫైళ్లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాళ్లు సాక్షుల చేత నింపించిన ఫారంలో ఏ దిక్కున కనిపించింది, నేల నుంచి ఎంత ఎత్తున, ఎంతసేపు అని అడిగేవారు. బొమ్మ గీయడానికి చోటు కూడా ఇచ్చారు. నీకు కావలసింది ఆ ఫారమే. టీవీ కార్యక్రమాలను నమ్ముకుని వెళ్లకు. చేతులు మారిన కొద్దీ కథ పెరుగుతుంది, దిక్కు మాత్రం మాయమవుతుంది.

దిక్కు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. పాత నివేదికల్లో కంపాస్ చూసి రాసిన దిక్కులుంటాయి. అయస్కాంత ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కాదు. బెంగళూరులో ఆ తేడా దాదాపు లేనట్టే, అందుకే మనకు ఆ అలవాటు ఉండదు. అదే వాషింగ్టన్ రాష్ట్రానికి వెళితే పది డిగ్రీలకు పైనే ఉంటుంది, పైగా డెబ్బై ఎనభై ఏళ్లలో ఆ తేడా మారుతూ వచ్చింది. ఆ ఏటి తేడా ఎంతో వెతికి సరిచేసుకో. ఎత్తు కొలవడానికి పరికరం అక్కర్లేదు. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. నిండు చంద్రుడు అర డిగ్రీ మాత్రమే. ఇది గుర్తుంటే లెన్స్ ఎంచుకోవడం తేలికవుతుంది. చంద్రుడంత కనిపించిందని సాక్షి చెప్పిన చోట మరీ వైడ్ లెన్స్ పెడితే, ఆ వస్తువు మళ్లీ వచ్చినా నీ ఫొటోలో చుక్కంత కూడా ఉండదు. అన్నిటికీ ఒకే 50 ఎంఎం లెన్స్ వాడమని నా సలహా. మనిషి కన్ను ఊరికే చూసే తీరుకు అది దగ్గరగా ఉంటుంది. ఫొటోలన్నీ వరసగా గోడకెక్కినప్పుడు ఒకే మనిషి చూసినట్టుంటాయి.

సమయం దగ్గర గడియారాన్ని నమ్మకు. ఒక్కో దేశంలో ఎండాకాలం గంట ముందుకు జరుపుతారు, యుద్ధాల కాలంలో ఇంకోలా జరిపారు. నివేదికలోని తేదీని, సమయాన్ని స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, సూర్యుడు ఏ దిక్కున ఎన్ని డిగ్రీల పైన ఉన్నాడో రాసుకో. ఆ అంకె నీది. జూన్ ఇరవై ఒకటికి అటూ ఇటూ ఓ వారం పది రోజులు సూర్యుడి దారి దాదాపు మారదు. అందుకే అప్పటి ఘటనలకు మబ్బు పడితే నాలుగు రోజులు ఆగి తీసినా ఫరవాలేదు. మార్చిలో, సెప్టెంబరులో అలా కాదు, రోజురోజుకీ తేడా వస్తుంది. 1951 మార్చి 15న ఢిల్లీలో ఒక ఫ్లయింగ్ క్లబ్ సభ్యులు పగటిపూట సిగార్ ఆకారంలో ఏదో చూశామన్నారు కదా, అది తీయాలనుకుంటే మార్చి మధ్యలోనే వెళ్లాలి. అక్కడ ఇప్పుడు పొగ, దుమ్ము కలిసి ఆకాశం తెల్లగా ఉంటుంది. ఉండనివ్వు. కంప్యూటర్‌లో మసకను తీసేసే డీహేజ్ స్లైడర్ జోలికి వెళ్లకు. ఇవాళ అక్కడ తలెత్తిన మనిషికి కనిపించేది ఆ తెలుపే.

ఇక కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ పైలట్. అందరూ మొదట వెళ్లేది ఆయన దగ్గరికే, నువ్వూ అదే అన్నావు. 1947 జూన్ 24న మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది వస్తువులు వరసగా మెరుస్తూ వెళ్లడం చూశానన్నాడు. రెయినియర్ నుంచి ఆడమ్స్ పర్వతం దాకా వెళ్లడానికి వాటికి 1 నిమిషం 42 సెకన్లు పట్టిందని విమానంలోని గడియారం చూసి లెక్కపెట్టాడు. చిక్కేమిటంటే ఆయన అప్పుడు సొంత చిన్న విమానంలో, తొమ్మిది వేల అడుగులకు పైన ఉన్నాడు. ఆయన నిలబడిన చోటు నేల మీద లేదు. నీ దగ్గర డబ్బు ఉంటే చిన్న విమానం అద్దెకు తీసుకో. లేకపోతే పర్వతాలకు పడమటి వైపు, రెండూ కనిపించే చోటు ఒకటి వెతికి, వాటి మధ్య ఆకాశాన్ని తీసి, నేల మీద నుంచి తీశానని కింద రాయి. మధ్యాహ్నం కాబట్టి సూర్యుడు నీ వీపు వైపు ఉంటాడు, ఆకాశం ముదురు నీలంగా దొరుకుతుంది. పది చోట్లకు ఒక్కోసారి వెళ్లేకన్నా ఇక్కడికి రెండుసార్లు వెళ్లడం మంచిది.

అమెరికాలోని రోస్వెల్‌ని జాబితాలోంచి తీసేయమంటాను. అక్కడ పేరుపొందిన కథ ఆకాశానిది కాదు, నేలది. 1947లో ఒక పశువుల కాపరి తన మేత భూముల్లో రబ్బరు, రేకు, పుల్లల ముక్కలు చూశాడు. అది ప్రాజెక్ట్ మోగల్ అనే రహస్య బెలూన్ తాలూకుదని వైమానిక దళం 1994లో చెప్పింది. పైగా ఆ చోటు రోస్వెల్ పట్నానికి ఎంతో దూరం, కరోనా అనే ఊరి దగ్గర.

దానికి బదులు మన రోస్వెల్ ఒకటుంది, అక్కడికి వెళ్లు. వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల. 2022 డిసెంబరులో ఆ పొలాల్లో గుండ్రటి వింత వస్తువు ఒకటి దిగితే చుట్టుపక్కల జనమంతా చేరారు. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి, స్పెయిన్ కంపెనీ హాలో స్పేస్ కోసం పరీక్షగా పంపిన క్యాప్సూల్ అది అని తర్వాత తెలిసింది. కానీ తెలిసేదాకా ఆ కొద్దిసేపు వాళ్ల తలల మీద ఉన్నది మామూలు ఆకాశం కాదు కదా! బెంగళూరులో రాత్రి రైలెక్కితే చేరిపోయే దూరం. నీ భాషలోనే మాట్లాడవచ్చు. ఎక్కడ నిలబడి చూశారు, ఎటు నుంచి దిగింది, ముందు ఏమనుకున్నారు అని చూసినవాళ్లనే అడగవచ్చు. నీ సిరీస్ అక్కడ మొదలైతే నాకు చాలా సంతోషం.

రెండోది లడఖ్. 2012లో, 2013 మొదట్లో సరిహద్దు దగ్గర ఒక సరస్సు మీద వెలుగుతూ కదిలే వస్తువులను మన సైనికులు వందలసార్లు చూసి, ప్రతిదీ రాసిపెట్టారు. చైనా డ్రోన్లేమోనని అనుమానం. చివరికి మీ కోరమంగళలోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రవేత్తలు అవి శుక్రుడు, గురుడు అని తేల్చారు. తేలిపోయింది కదా, ఇక దీన్ని తీయడమెందుకు అని నీకు అనిపించవచ్చు. వదలొద్దు తల్లీ. మన పల్లెల్లో వేగుచుక్కను చూసి పొలానికి బయలుదేరేవాళ్లు. అదే చుక్క, గాలి పలచగా ఉండే ఆ ఎత్తులో, చలిలో కాపలా కాస్తున్నవాడికి వేరేగా కనిపించింది. అతను చేసింది తన ఉద్యోగం. చూసినదాన్ని సమయంతో సహా రాశాడు కాబట్టే శాస్త్రవేత్తలకు లెక్క కుదిరింది. ఆ ఫొటో కింద శుక్రుడు, గురుడు అని పేర్లు రాయి. దాని విలువ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. అక్కడి పాంగాంగ్ సరస్సు వైపు వెళ్లడానికి పర్మిట్ కావాలో లేదో అప్పటి నియమాలు కనుక్కో. లేహ్‌లో దిగగానే పరుగులు పెట్టకుండా రెండు రోజులు విశ్రాంతి తీసుకో. సైన్యం గుడారాలు, వాహనాలు ఫ్రేములోకి రాకూడదు, డ్రోన్ ఊసే ఎత్తకు.

ఇంగ్లండ్‌లో రెండిల్‌షామ్ అడవి నీ పనికి బాగా సరిపోతుంది. 1980 డిసెంబరులో అమెరికన్ వైమానిక సిబ్బంది అక్కడ రాత్రిపూట వెలుగులు చూశారు. ఆర్‌ఫర్డ్ నెస్ లైట్‌హౌస్ వెలుగే చెట్ల మధ్య నుంచి అలా కనిపించిందని ఒక వివరణ ఉంది. ఆ లైట్‌హౌస్‌ని 2013లో ఆపేశారు, 2020లో కూల్చేశారు. ఆనాటి చెట్లలో చాలా భాగం 1987 తుఫానులో పడిపోయాయి. అంటే అదే చోట, అదే దిక్కుకు కెమెరా పెట్టినా అప్పటి చీకటి నీకు దొరకదు. ఆ సంగతి నీ ఫొటోలోనే తెలియాలి. అందుకే అక్కడ కాస్త చెట్ల కొమ్మలను కూడా ఫ్రేములోకి రానివ్వు.

పిల్లలు చూసిన చోట్లు రెండున్నాయి. 1966 ఏప్రిల్ 6న మెల్‌బోర్న్ దగ్గర వెస్టాల్, 1994 సెప్టెంబర్ 16న జింబాబ్వేలో రువా అనే ఊరి స్కూలు. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు, ముసలివాళ్లు. ఇన్నేళ్లుగా నిజమా, అబద్ధమా అని జనం వాళ్లను పీకుతూనే ఉన్నారు. నువ్వు ఆ ప్రశ్న వేయకు. ఎక్కడ నిలబడ్డారో చూపించమని మాత్రం అడుగు. స్కూలు ఆవరణలోకి ముందుగా రాసి, అనుమతి తీసుకుని, పిల్లలు లేని రోజు వెళ్లు. మడకశిర దగ్గర చెరువుగట్టు మీద కొరివి దయ్యాలు చూశానని మీ అవ్వ చెప్పేది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదని మనింట్లో అందరికీ తెలుసు. ఎవరితో మాట్లాడినా అవ్వతో మాట్లాడినట్టే మాట్లాడు.

కెమెరా గురించి నీకు నేను చెప్పేది తక్కువే. వైట్ బ్యాలన్స్ డేలైట్‌లో పెట్టి మళ్లీ ముట్టుకోకు. ఆటోలో పెడితే అది సాయంత్రపు నీలాన్ని చంపేస్తుంది. పోలరైజర్ వద్దు, ఖాళీ ఆకాశంలో ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా పట్టీ వస్తుంది. రాత్రి నక్షత్రాలు గీతలు కాకుండా ఉండాలంటే 500ని లెన్స్ ఫోకల్ లెంగ్తుతో భాగించి, వచ్చినన్ని సెకన్లే షట్టర్ తెరిచి ఉంచు, 50 ఎంఎంకి పది సెకన్లు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు గీతలు గీస్తే చెరపకు.

దుమ్ము విషయం మాత్రం సీరియస్‌గా తీసుకో. సెన్సర్ మీద చిన్న నలుసున్నా ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, చిన్నదైతే ఆకాశంలో బూడిదరంగు మచ్చగా తేలుతుంది. మిగతా ఫొటోల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. నీ ఫొటోల్లో మాత్రం జనం వెతికేదే అది! ప్రతి చోటికీ వెళ్లే ముందు సెన్సర్ శుభ్రం చేయించు, ఎపర్చర్ ఎఫ్/8 దాటించకు. ప్రతి దృశ్యాన్నీ కొన్ని సెకన్ల తేడాతో మూడు నాలుగు ఫ్రేములు తీయి. అన్నిట్లో ఒకే చోట ఉంటే నలుసు, జరిగితే పక్షో పురుగో, కెమెరా తిప్పినప్పుడు చోటు మారితే లెన్స్ ఫ్లేర్, అంటే లెన్స్‌లో వెలుగు చెదిరి పడే మచ్చ. నలుసును చెరపవచ్చు. పక్షిని చెరపకూడదు, అది నిజంగా అక్కడ ఉంది. కెమెరా నుంచి మార్పు లేకుండా వచ్చే రా (RAW) ఫైళ్లు ఏవీ పారేయకు. రేపు ఎవరైనా అడిగితే తెరిచి చూపించగలగాలి. సరదాకి కూడా ఒక వెలుగు చుక్క పెట్టొద్దు. ఒక్కటి పెట్టావంటే మిగతా ఫొటోలన్నీ అబద్ధాల కిందికి వస్తాయి.

కింద రాసే వివరాలే నీ పనిలో సగం. చూసిన తేదీ, సమయం, చోటు, దిక్కు. చూసింది ఎవరో ఒక్క మాటలో: పైలట్, సిపాయి, రైతు. తర్వాత నువ్వు తీసిన తేదీ, సమయం, లెన్స్. వివరణ తేలి ఉంటే అది. వింత, రహస్యం, అద్భుతం లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు.

ప్రింట్లకు 16 బిట్ ఫైలే ఇవ్వు. జేపెగ్ ఇస్తే నీలం మెట్లు మెట్లుగా విడిపోతుంది. మ్యాట్ కాటన్ పేపర్ మీద వేయించు, మెరిసే పేపర్ వేస్తే చూసేవాడికి తన మొహమే కనిపిస్తుంది. ముందు రెండు మూడు టెస్ట్ ప్రింట్లు వేయించి మా ఇంటికి తీసుకురా, ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటి వెలుగులో చూద్దాం. మొగిలిగుండ్ల డిసెంబరులో పెట్టుకో. జూన్‌కి రెయినియర్ చేరాలంటే వీసాకి ఎన్ని నెలలు పడుతుందో తెలియదు, ఆ దరఖాస్తు ఈ వారమే వేసేయి.

ఆశీస్సులతో,
పెదనాన్న