పాత లేత్‌కి పోయిన గేర్లు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సార్, మా మావయ్యగారి దగ్గర్నుంచి పాత మైఫోర్డ్ ఎంఎల్7 లేత్ వచ్చింది, మోటార్ బాగానే ఉంది కానీ చేంజ్ గేర్లలో (థ్రెడ్ కోసేటప్పుడు మార్చుకునే గేర్లు) 38, 60, 65 పళ్ళవి లేవు. ఇక్కడ గేర్ కటింగ్ షాపులో అడిగితే మాడ్యూల్ (పన్ను సైజు) 1.25 లో కోసిస్తాం, సరిపోద్ది అంటున్నారు. కోయించేయమంటారా?
(రాజమండ్రి)

జవాబు: ఆగండాగండి. ముందసలు ఆ మూడూ మీకు కావాలా అని చూడండి. ఎంఎల్7 లీడ్ స్క్రూ (టూలుని నడిపే పొడుగు మర) అంగుళానికి 8 థ్రెడ్లు, అంటే 12 టీపీఐ (అంగుళానికి 12 థ్రెడ్లు) కొయ్యాలంటే గేర్ల నిష్పత్తి 8/12, కింద మీద కొట్టేస్తే 2/3, దానికి 40, 60 ఎందుకండీ, 20, 30 పెట్టి మధ్యలో ఏదో ఒక ఐడ్లర్ (నిష్పత్తి మార్చకుండా రెంటినీ కలిపే గేరు) వేసుకుంటే అయిపోతుంది. కాబట్టి 60 సంగతి మర్చిపోండి. 65 లో 13 ఉంది, అది ఇంకే గేరుతోనూ రాదు, కానీ 13 టీపీఐ అవసరం పడేది అర అంగుళం యూఎన్‌సీ (అమెరికా ముతక థ్రెడ్) బోల్టుకి, మీరు విట్‌వర్త్ (పాత బ్రిటిష్ థ్రెడ్) వాడితే అది 12 కదా. ఇక 38, దీన్ని మాత్రం వదలకండి. పావు అంగుళం, మూడెనిమిదో వంతు బీఎస్‌పీ పైపు థ్రెడ్ 19 టీపీఐ, 20/38, 40/50 వేస్తే కరెక్టుగా వస్తుంది, 38 లేకపోతే మీ సెట్టుతో రాదు.

ఇప్పుడు షాపు మాట. మైఫోర్డ్ గేర్లు 20 డీపీ (డయామెట్రల్ పిచ్, గేరు వ్యాసంలో అంగుళానికి 20 పళ్ళ లెక్క), మాడ్యూల్ లెక్కలో చెప్తే 1.27, 1.25 కాదు. చూడ్డానికి ఒకటే అనిపిస్తాయి, పన్నుకి పన్నుకి మధ్య 0.06 మి.మీ. తేడా వస్తుంది, పట్టీపట్టనట్టు తిరిగి గోల చేస్తుంది. పైగా ప్రెజర్ యాంగిల్ (పన్ను పక్క వాలు) పధ్నాలుగున్నర డిగ్రీలు, షాపుల్లో మామూలుగా ఉండేది 20 డిగ్రీల కట్టర్. నమ్మకం కుదరకపోతే మీ దగ్గరున్న 40 పళ్ళ గేరుకి వెర్నియర్ పెట్టండి, బయటి వ్యాసం 53.3 మి.మీ. రావాలి, మాడ్యూల్ 1.25 అయితే 52.5 ఉండేది.

అడగాల్సింది ఇలా: 20 డీపీ, పధ్నాలుగున్నర డిగ్రీలు, 3వ నంబరు కట్టర్ (అది 35 నుంచి 54 పళ్ళ దాకా). 38 కి బ్లాంక్ (పళ్ళు కోయని బిళ్ళ) వ్యాసం సరిగ్గా 2 అంగుళాలు అంటే 50.8 మి.మీ., పన్ను లోతు 2.74 మి.మీ. డివైడింగ్ హెడ్ (బ్లాంక్‌ని సమాన భాగాలుగా తిప్పే పరికరం) 40 కి 1 అయితే పన్ను పన్నుకీ హ్యాండిల్ ఒక ఫుల్ రౌండు, 19 రంధ్రాల వలయంలో ఇంకో రంధ్రం, అంతే, ఇంత ఈజీ లెక్క అరుదు. బోరు (మధ్య రంధ్రం), కీవే (కీ కూర్చునే గాడి) మాత్రం పాత గేరు చేతికిచ్చి కొలిపించండి, నోటితో చెప్పొద్దు. కట్టర్ దొరక్కపోతే రెడీమేడ్ గేరే దారి, పాత కంపెనీ 2011 లో మూతపడినా ఆ పేరు కొనుక్కున్నవాళ్ళు ఇంగ్లండ్‌లో స్పేర్లు అమ్ముతున్నారు, కాకపోతే కొరియరు ఖర్చు గేరుని మించిపోతుందేమో చూసుకోండి.

ప్రశ్న: ఇవే గేర్లు త్రీడీ ప్రింటర్‌లో వేసుకోవచ్చా అండీ?
(విజయవాడ)

జవాబు: వేసుకోవచ్చు, నైలాన్‌లో వెయ్యండి, పీఎల్ఏ (ప్రింటర్లలో మామూలుగా వాడే ప్లాస్టిక్) వద్దు. ఫీడ్‌కి, చిన్న థ్రెడ్లకి బానే నడుస్తుంది, క్యారేజ్ (టూలుని మోసే భాగం) ఎక్కడైనా గుద్దుకుంటే ముందు ప్లాస్టిక్ పళ్ళే ఊడతాయి, ఇనప గేర్లు మిగుల్తాయి, నాకైతే అదీ లాభమే. 8 టీపీఐ లాంటి ముతక థ్రెడ్ కొయ్యాలంటే మాత్రం ఇనప గేరే వేసుకోండి.