టీచర్ సెలవులో ఉంటే ఆ పిల్లలకు ఎవరు చెప్పవచ్చు?

బీఎస్సీ బీజెడ్‌సీ, బీఈడీ చేశాను. టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పేపర్-2 క్వాలిఫై అయ్యాను. మా ఊరి ప్రైమరీ స్కూల్‌లో మేడం మెటర్నిటీ లీవ్‌లో ఉన్నారు. ఆ స్థానంలో నన్ను తీసుకుంటారా? – పాఠకురాలు, దేవరకొండ

ఆ స్థానానికి మీ అర్హత సరిపోదు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పాలంటే ఇంటర్‌లో 50 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీ, బీసీ, దివ్యాంగులకు 45), రెండేళ్ల డీఈడీ (ప్రైమరీ టీచర్ల శిక్షణ కోర్సు), టెట్ పేపర్-1 ఉండాలి. బీఈడీ వారికీ ప్రైమరీలో అవకాశమిస్తూ 2018లో ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) ఇచ్చిన నోటిఫికేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చింది. "బీఈడీ పెద్ద చదువు కదా" అని ఇప్పటికీ చాలామంది దరఖాస్తు పెట్టి, సర్టిఫికెట్ల పరిశీలన దాకా వెళ్లి వెనక్కి వస్తున్నారు. వాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇంకో సంగతి. మెటర్నిటీ లీవ్ 180 రోజులు. అంత పొడవైన సెలవైనా వెంటనే బయటివాళ్లను తీసుకోరు. పిల్లలు తక్కువగా ఉండి టీచర్లు మిగిలిన పక్క బడి నుంచి ఒకరిని ముందు సర్దుబాటు చేస్తారు. అలా కుదరనప్పుడు, పైనుంచి ఉత్తర్వులుంటేనే తాత్కాలిక నియామకం. హెడ్మాస్టర్ నోటిమాట మీద చేరితే గౌరవ వేతనం అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

మీరు చూడాల్సింది హైస్కూల్‌లో బయాలజీ పోస్టు. డిగ్రీలో బోటనీ, జువాలజీ, బీఈడీలో బయలాజికల్ సైన్స్ మెథడాలజీ, టెట్‌లో మ్యాథ్స్-సైన్స్ ఆప్షన్ ఉన్నాయో లేదో మెమోలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఈ మూడింటిలో ఒకటి తేడా వచ్చినా పేరు తీసేస్తారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా దరఖాస్తులో టెన్త్ మెమోలో ఉన్న పేరే రాయండి. చిన్నపిల్లలకే చెప్పాలని మనసుంటే డీఈడీ ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాసి నల్లగొండ డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) సీటుకు ప్రయత్నించండి.

ఎంఏ తెలుగు 58 శాతంతో పాసయ్యాను. బీఈడీ లేదు. ఎక్కడైనా చెప్పే అవకాశముందా? – పాఠకుడు, వనపర్తి

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా ఉంది. పీజీలో 50 శాతం చాలు, బీఈడీ అడగరు. గురుకుల జూనియర్ లెక్చరర్ పోస్టుకైతే బీఈడీ కావాలి. ఈ రెండింటినీ ఒకటే అనుకోవద్దు.

ఎంపికకు పీజీ మార్కులే ఆధారం కాబట్టి మీ 58 పనికొస్తుంది. ఇటీవలి నోటిఫికేషన్లలో పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 72 పీరియడ్లు. అంటే అన్నీ దొరికితే 28,080. దసరా, సంక్రాంతి సెలవులుండే నెలల్లో అంత రాదు. చెప్పిన పీరియడ్‌కే డబ్బు. ఏ రోజు పీరియడ్‌కు ఆ రోజే రిజిస్టర్‌లో సంతకం పెట్టి, నెలాఖరున బిల్లుతో సరిపోల్చుకోండి.

విద్యా వాలంటీర్‌గా (ప్రభుత్వ బడిలో తాత్కాలిక టీచర్‌గా) చేసిన అనుభవానికి డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) మార్కులు కలుస్తాయా? – పాఠకురాలు, నాగర్‌కర్నూల్

కలవవు. డీఎస్సీ పరీక్షకు 80, టెట్‌కు 20, అంతే. అనుభవ పత్రం ప్రైవేటు స్కూళ్లలో అడుగుతారు కాబట్టి దాచుకోండి.

మీరు పెంచుకోగలిగేది టెట్. 150కి 90 వస్తే వెయిటేజీ 12, అదే 120 వస్తే 16. డీఎస్సీలో ప్రశ్నకు అర మార్కు. అంటే ఆ నాలుగు మార్కులు ఎనిమిది ప్రశ్నలతో సమానం. ఒక్క మార్కు తేడాలో పోస్టు పోయే జిల్లాలు మనవి. క్వాలిఫై అయ్యాం కదా అని ఆగకుండా మళ్లీ రాయండి. ఎన్నిసార్లయినా రాయవచ్చు, అన్నింటిలో ఎక్కువ వచ్చిన స్కోరునే డీఎస్సీకి వాడుకోవచ్చు. టెట్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు గడువు కూడా లేదు.