టెక్ సందేహాలు: డిష్ లేని ఇంటికి ఏ బాక్సు?

ప్రశ్న: తిరుపతి కపిలతీర్థం రోడ్డులో అద్దెకుంటున్నాం. మిద్దె మీద డిష్ పెట్టడానికి ఓనరు ఒప్పుకోవడం లేదు. కేబుల్ వైరేమో కోతులు లాగేస్తున్నాయి. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. టీవీ స్మార్ట్ కాదు గానీ హెచ్‌డీఎంఐ ఉంది. అవ్వకు ఎస్వీబీసీ, అమ్మకు జెమిని, స్టార్ మా సీరియళ్లు, నాన్నకు వార్తలు, తమ్ముడికి క్రికెట్ కావాలి. ఏ స్ట్రీమింగ్ బాక్సు కొనాలి సార్?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఇంట్లో ఎవరికేం కావాలో రాసి పంపారు. సగం పని అక్కడే అయిపోయింది. చాలామంది బాక్సు కొన్నాక చానెళ్లు వెతుక్కుంటారు. బాక్సులో చానెళ్లేమీ ఉండవు. అందులో ఉండేది యాప్‌లే. డబ్బు కట్టాల్సింది కూడా వాటికే. కాబట్టి ముందు యాప్‌ల లెక్క చూద్దాం.

అవ్వకు పైసా ఖర్చు లేదు. టీటీడీ వాళ్ల ఎస్వీబీసీ యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది. కల్యాణోత్సవమైనా బ్రహ్మోత్సవాల వాహన సేవలైనా అక్కడే చూడొచ్చు. నాన్నగారి వార్తలూ అంతే, తెలుగు న్యూస్ చానెళ్లలో ఎక్కువ భాగం యూట్యూబ్‌లో లైవ్‌గా దొరుకుతాయి. దూరదర్శన్ చానెళ్లు కావాలంటే ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్ ఉంది.

ఖర్చంతా అమ్మగారి దగ్గరా, తమ్ముడి దగ్గరా వస్తుంది. జెమినికి సన్ నెక్స్ట్, స్టార్ మాకు జియోహాట్‌స్టార్, ఈటీవీకి ఈటీవీ విన్, జీ తెలుగుకు జీ5. నాలుగూ తీసుకుంటే నెలకు కేబుల్ బిల్లును దాటిపోవచ్చు. అమ్మగారు నిజంగా రోజూ చూసే సీరియళ్లు ఏవో అడిగి, అవి వచ్చే రెండు యాప్‌లతో ఆపండి. ఐపీఎల్ కూడా జియోహాట్‌స్టార్‌లోనే వస్తోంది కాబట్టి తమ్ముడికి వేరే ఖర్చుండదు. ఒక్క మాట ముందే చెప్పి పెట్టండి: నెట్‌లో వచ్చే లైవ్, డిష్‌లో వచ్చేదాని కంటే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా వెనకబడుతుంది. పక్కింట్లో సిక్సర్ కేక వినబడ్డాకే మీ టీవీలో బౌలర్ పరుగెత్తుతాడు. ఏ బాక్సు కొన్నా దీనికి మందు లేదు.

బాక్సు కొనడానికి డబ్బు తీసే ముందు మీ నెట్ కంపెనీకి ఫోన్ చెయ్యండి. మీరు ఫైబర్ నెట్ అని రాశారు. అది ఏపీ ఫైబర్‌నెట్ అయితే ఇంటర్నెట్, ఫోన్, టీవీ మూడూ ఒకే తీగ మీద ఇవ్వడానికే 2017లో మొదలైన పథకం. వాళ్ల ఐపీటీవీ (నెట్ తీగ మీద టీవీ చానెళ్లు ఇచ్చే) బాక్సులో మామూలు చానెళ్లు నంబర్లతో సహా వస్తాయి. జియోఫైబర్ అయితే జియోటీవీ ప్లస్ యాప్‌లో లైవ్ చానెళ్లు ఉంటాయి. ఆ యాప్ ఇప్పుడు జియో బాక్సులోనే కాదు, ఆండ్రాయిడ్ టీవీ, ఫైర్ టీవీల్లోనూ పనిచేస్తుంది. ఎయిర్‌టెల్ కూడా 2025 నుంచి ఐపీటీవీ ప్లాన్లు అమ్ముతోంది. నంబరు నొక్కితే చానెల్ మారాలి అనుకునే పెద్దవాళ్లున్న ఇంటికి ఇదే సుఖం. ఇబ్బందల్లా ఒక్కటే, కంపెనీ బాక్సు కంపెనీ కనెక్షన్‌తోనే బతుకుతుంది. ఇల్లు మారి నెట్ మారిస్తే అది అటకెక్కాల్సిందే. అద్దె ఇంట్లో ఉన్నారు కాబట్టి ఈ సంగతి ఆలోచించుకోండి.

సొంత బాక్సే మేలనుకుంటే నా ఓటు గూగుల్ సర్టిఫికేషన్ ఉన్న గూగుల్ టీవీ బాక్సుకు. పైన చెప్పిన తెలుగు యాప్‌లు ప్లే స్టోర్ నుంచి నేరుగా దిగుతాయి. కనీసం 2 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ ఉండాలి. మీ టీవీ ఫుల్ హెచ్‌డీయే అయితే 4కె కోసం అదనంగా పెట్టనక్కర్లేదు. టీవీ హెచ్‌డీఎంఐలో నేరుగా గుచ్చే అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ కూడా మంచిదే, దాని వాయిస్ రిమోట్ అవ్వకు నచ్చుతుంది. అయితే 2025 చివర్లో వచ్చిన 4కె సెలెక్ట్ మోడల్ పాతవాటిలా ఆండ్రాయిడ్ ఆధారంగా నడవదు, దాని సిస్టమ్ పేరు వేగా. మీకు కావాల్సిన యాప్‌లు దానికి వచ్చాయో లేదో చూసుకునే కొనండి. యాపిల్ టీవీ చాలా బాగుంటుంది, ధరా అలాగే ఉంటుంది. ఇంటినిండా ఐఫోన్లుంటే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు. అమెరికా యూట్యూబర్లు మెచ్చుకునే రోకు అనే బాక్సును మన దగ్గర అధికారికంగా అమ్మరు. అక్కడి చుట్టాలు తెచ్చిస్తామన్నా వద్దనండి, రేపు చెడిపోతే వారంటీ అడిగే దిక్కుండదు.

ఏది కొన్నా కరెంటును దాంతో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ వెనక యూఎస్‌బీకి గుచ్చితే చాలామటుకు సరిపడా కరెంటు అందదు, సీరియల్ మధ్యలో ఆగి మళ్లీ లోగో దగ్గర మొదలవుతుంది. అప్పుడు తిట్లు బాక్సు కొన్న మీకే.

ప్రశ్న: చిత్తూరులో ఒక షాపులో "పదివేల చానెళ్లు, జీవితాంతం ఫ్రీ" అని ఆండ్రాయిడ్ బాక్సు అమ్ముతున్నారు. తమిళం, కన్నడం చానెళ్లు కూడా వస్తాయట. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. సరిహద్దు జిల్లాలో మూడు భాషల చానెళ్లు అడిగే ఇళ్లు ఎక్కువని వాళ్లకూ తెలుసు. అదే ఎరగా వేస్తున్నారు. ఆ చానెళ్లు దొంగ ప్రసారాలు, ఎప్పుడు ఆగిపోతాయో అమ్మినవాడికే తెలియదు. "జీవితాంతం" అన్నది ఆ సర్వర్ జీవితం గురించి, మీ జీవితం గురించి కాదు.

అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. ఊరూ పేరూ లేని ఇలాంటి ఆండ్రాయిడ్ బాక్సుల్లో ఫ్యాక్టరీ నుంచే వైరస్ ఎక్కించి పంపిన ఉదంతాలు బయటపడ్డాయి. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే ఈ ముఠా వ్యవహారం మీద అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరిక ఇచ్చింది. బాక్సు మీ హాల్లో మామూలుగా సినిమా చూపిస్తూనే ఉంటుంది. మీ ఇంటి నెట్‌ను మాత్రం ఎవడో దేశంకాని దేశం నుంచి మోసాలకు వాడుకుంటాడు. అదే వైఫైలో మీ ఫోన్ పే కూడా నడుస్తోందని మర్చిపోకండి. సెట్టింగుల్లో ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లను పట్టే గూగుల్ కాపలా) ఆపెయ్యమని ఏ బాక్సైనా అడిగితే దాన్ని అక్కడే వదిలి రండి. పైగా వీటిలో చాలావాటికి వైడ్‌వైన్ ఎల్1 (హెచ్‌డీ బొమ్మ చూపడానికి యాప్‌లు అడిగే భద్రతా గుర్తింపు) ఉండదు. నెట్‌ఫ్లిక్స్‌కు డబ్బు కట్టినా బొమ్మ మసకగానే వస్తుంది.

తమిళానికి, కన్నడానికి సన్ నెక్స్ట్ చాలు. సన్ టీవీ, కేటీవీ, ఉదయ, జెమిని అన్నీ ఆ ఒక్క దాంట్లోనే ఉన్నాయి.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. అయినా రాత్రి ఎనిమిది దాటితే బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతూ ఉంటుంది. ప్లాన్ పెంచాలా? – చంద్రగిరి

జవాబు: పెంచొద్దు. ఫుల్ హెచ్‌డీకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5 ఎంబీపీఎస్, 4కెకి 15. మీ దగ్గర అంతకు ఎన్నో రెట్లుంది. అది టీవీ దాకా రావడం లేదు, అంతే. ఫోన్ తీసుకెళ్లి టీవీ పక్కనే నిలబడి రాత్రి ఎనిమిదింటికి స్పీడ్ టెస్ట్ చెయ్యండి. రూటర్ పక్కన 90 చూపించి టీవీ దగ్గర 8 చూపిస్తే తప్పు వైఫైది. రూటర్ రెండు వైఫై పేర్లు చూపిస్తే బాక్సును 5 గిగాహెర్ట్జ్ (5జీ అని ఉండే) పేరుకు మార్చండి. రూటరుకూ టీవీకీ మధ్య రెండు గోడలుంటే 5 గిగాహెర్ట్జ్ కూడా నీరసిస్తుంది, అప్పుడు క్యాట్ 6 లాన్ కేబుల్ లాగించడమే శాశ్వత పరిష్కారం. స్టిక్ అయితే లాన్ అడాప్టర్ విడిగా కొనాలి. టీవీ వెనక ఇరుక్కుపోయిన స్టిక్‌కు సిగ్నల్ అందదు, హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ ముక్కతో పక్కకు లాగి చూడండి. రూటర్ పక్కన కూడా 8 వస్తేనే కంపెనీ వాళ్లతో పోట్లాడండి.

ప్రశ్న: ఫోన్ హాట్‌స్పాట్‌తో బాక్సు నడపొచ్చా?

జవాబు: నడుస్తుంది, ఒక్క సినిమా కూడా పూర్తవదు. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా ఖర్చు. రోజుకు 2 జీబీ ప్లాన్ ఇంటర్వెల్‌కే చేతులెత్తేస్తుంది. ఇంట్లో రోజుకు ఎనిమిది గంటలు టీవీ ఆడితే నెలకు 720 జీబీ. చాలా ఫైబర్ ప్లాన్లలో పరిమితి 3,300 జీబీ కాబట్టి ఫైబర్ ఉన్నవాళ్లకు దిగుల్లేదు. మీరు మాత్రం ఫైబర్ వచ్చేదాకా యూట్యూబ్‌ను 480పి (తక్కువ డేటా తినే మామూలు బొమ్మ) దగ్గర పెట్టుకుని చూడండి.